మా ఇంట్లో ఉన్న పిచర్

2017 మార్చిలో మా ఊరి బేస్‌బాల్ జట్టు కార్యాలయం, ఆటగాళ్లకు ఇంట్లో చోటిచ్చేవారి కోసం పంపిన రెండు పేజీల దరఖాస్తులో, మా ఇంట్లో ఖాళీ గదులు ఎన్ని ఉన్నాయి, అందులోని మంచం ఆరడుగులు దాటిన మనిషికి సరిపోతుందా, అర్ధరాత్రి దాటాక ఒకరు తాళం తీసుకుని లోపలికి వస్తే మాకు అభ్యంతరం ఉంటుందా, కుక్కలు గాని పిల్లులు గాని ఉన్నాయా వంటి ప్రశ్నలు ఉన్నాయి గాని, మాకు బేస్‌బాల్ గురించి ఏమైనా తెలుసా అన్న ప్రశ్న మాత్రం లేదు. అది ఉండి ఉంటే మేము అక్కడే ఆగిపోయేవాళ్లం. తెనాలి నుంచి వచ్చి అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పదిహేనేళ్లు గడిపినా, మిసిసిపీ ఒడ్డున ఉన్న ఆ చిన్న మైదానంలోకి మేము అడుగుపెట్టింది జులై నాలుగో తేదీన బాణసంచా చూడడానికే. మా పెద్దవాడు చదువు కోసం వెళ్లిపోవడంతో పై గది ఖాళీ అయింది. ఆస్పత్రి ఫార్మసీలో నేను పనిచేస్తాను. అక్కడి నర్సు ఒకావిడ ఏటా ఒక ఆటగాడికి తన ఇంట్లో చోటిస్తుంది. ఈసారి ఇళ్లు చాలడం లేదని ఆవిడ అడిగితే కాదనలేకపోయాను. మా మీద పోలీసు కేసులేవీ లేవని జట్టువారు సరిచూసుకున్నాక, ఏప్రిల్ మొదటి వారంలో ఒక సాయంత్రం రెండు పెద్ద సంచులతో, ఒక దిండుతో ఒక కుర్రవాడు, ఆ జట్టులో పిచర్, అంటే బ్యాటర్‌కు బంతి వేసే ఆటగాడు, మా గుమ్మంలో నిలబడ్డాడు. అద్దె లేదు, తిండి పెట్టాలన్న నిబంధన లేదు. బదులుగా మాకు సీజనంతా నాలుగు ఉచిత టికెట్లు.

ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. అప్పుడు మాతో ఉన్న అత్తయ్యగారు, గుమ్మం దగ్గర తల వంచి లోపలికి వచ్చిన అతణ్ని చూసి "పొడుగబ్బాయి వచ్చాడే" అన్నారు. ఆ పేరే స్థిరపడిపోయింది. మా అమ్మాయి అతనికి "నానమ్మ" అనడం నేర్పింది. చివరిదాకా "నానమా" అనే పలికాడు.

మొదటి నెలలో అతని ఉద్యోగం ఏమిటో అర్థం చేసుకోవడానికే సరిపోయింది. మేజర్ లీగుల్లో ఉన్న 30 జట్లలో ప్రతిదానికీ కింద అప్పట్లో మెట్లు మెట్లుగా అనుబంధ జట్లు ఉండేవి: అన్నిటికంటే కింద రూకీ లీగులు, ఆపైన షార్ట్ సీజన్, క్లాస్ ఏ, హై ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ. ఊళ్లలో టికెట్లు అమ్మి ఆడే ఇలాంటి మైనర్ లీగ్ జట్లు అప్పట్లో 160 ఉండేవి. మా ఊరి జట్టు ఆడేది మిడ్‌వెస్ట్ లీగ్‌లో, అంటే క్లాస్ ఏ మెట్టు మీద. మైదానం, టికెట్లు, వేడివేడి సాసేజీలు అమ్మే దుకాణం ఊరివి. ఆటగాళ్లు, వారి జీతాలు, వారు ఎప్పుడు ఎక్కడికి వెళ్లాలన్న నిర్ణయం మాత్రం పైనున్న మేజర్ లీగ్ క్లబ్బువి. ఊళ్లో జనం "మా జట్టు" అని చొక్కాలు వేసుకుని అరిచే ఆ పాతికమందిలో ఒక్కరు కూడా నిజానికి ఊరికి చెందినవారు కారన్న సంగతి తెలిశాక నాకు కొంత వింతగా అనిపించింది. పొడుగబ్బాయి నాలుగేళ్లు కాలేజీలో ఆడి, క్లబ్బులు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో, 2016 జూన్‌లో, 40 రౌండ్లలో 27వ రౌండులో ఎంపికయ్యాడు. సంతకం చేసినందుకు అతనికి ముట్టింది 5,000 డాలర్లు, అదీ పన్నుకు ముందు. అదే జట్టులో, అతని పక్క అలమర వాడికి, హైస్కూలు నుంచి నేరుగా వచ్చిన కుర్రవాడికి, పది లక్షల డాలర్లు దాటి ఇచ్చారు. ఈ రెండు అంకెల మధ్య దూరమే ఆ తరువాత నేను చూసినదంతా నడిపించిందని అప్పుడు నాకు తెలియదు.

ఏప్రిల్ నెలలో అయోవాలో చలి ఎలా ఉంటుందో తెలిసినవారికి, ఆ చలిలో బంతి పట్టుకోవడం ఎలా ఉంటుందో వేరుగా చెప్పనక్కరలేదు. అతను వెనుక జేబులో వేడినిచ్చే చిన్న పొట్లాలు పెట్టుకుని ఒక్కొక్క బంతికీ మధ్య వేళ్లు కాచుకునేవాడు. ఏప్రిల్ మొదలు సెప్టెంబరు మొదటి సోమవారం దాకా సుమారు 150 రోజుల్లో 140 ఆటలు. ఇంటి ఆటలుంటే మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్లి రాత్రి పదకొండుకు వచ్చేవాడు. బయటి ఆటలైతే రాత్రంతా బస్సు ప్రయాణం. కెంటకీలోని బౌలింగ్ గ్రీన్ కూడా ఆ లీగులోదే కాబట్టి, ఒక రాష్ట్రంలో ఆట ముగించి, చెమట ఆరకముందే బస్సెక్కి, తెల్లవారేసరికి మరో రాష్ట్రంలో దిగి, ఆ సాయంత్రమే మళ్లీ ఆడవలసి వచ్చేది. బయటి ఊళ్లలో తిండికి రోజుకు పాతిక డాలర్లు. ఇంటి మైదానంలో దుస్తులు ఉతికి, రొట్టెలు, పల్లీల వెన్న పెట్టే మనిషికి ఆటగాళ్లే రోజుకింతని తమ జేబులోంచి చెల్లించాలి. ఈ సంగతి తెలిసిన రోజున అత్తయ్యగారు, నిబంధనలో ఏముందో నాకనవసరం అని, రాత్రి అతని కోసం వేరుగా అన్నం, పప్పు, కోడికూర మూతపెట్టి ఉంచడం మొదలుపెట్టారు.

జీతం గురించి చెప్పకుండా ఈ అనుభవం చెప్పడం కుదరదు. అతనికి జీతం ఆట రోజులున్న అయిదు నెలలకే వచ్చేది. మార్చిలో నెలంతా చేసే శిక్షణకు లేదు, చలికాలంలో క్లబ్బు ఇచ్చిన కార్యక్రమం ప్రకారం చేసే కసరత్తుకూ లేదు. 2018 మార్చిలో అమెరికా కాంగ్రెసు ఆమోదించిన, రెండు వేల పేజీలు దాటిన ఖర్చుల బిల్లులో, మైనర్ లీగ్ ఆటగాడు ఎన్ని గంటలు పనిచేసినా వారానికి 40 గంటల కనీస వేతనం ఇస్తే చాలునని ఒక నిబంధన చేరింది. గంటకు ఏడుంపావు డాలర్ల చొప్పున అది 290 డాలర్లు. క్లాస్ ఏలో వారానికి ఇచ్చే కనీస జీతం సరిగ్గా అంతే అయింది. ఒక ఆదివారం మావారు కాగితం తీసుకుని అతని వారంలో మైదానంలో గడిచిన గంటలు, బస్సులో గడిచిన గంటలు కూడితే డెబ్బై దాటాయి. పొడుగబ్బాయి ఆ కాగితం చూసి నవ్వి, బస్సు గంటల్లో నిద్రపోయాను కదా, అవి తీసెయ్యండి అన్నాడు. చలికాలం వచ్చిందంటే తన ఊళ్లో గిడ్డంగిలో పెట్టెలు మోస్తూ, సాయంత్రాలు బడిపిల్లలకు బంతి వేయడం నేర్పుతూ సంపాదించుకునేవాడు.

మొదటి రెండు నెలలు అతను స్టార్టర్, అంటే ఆట మొదటి బంతి నుంచి వేసే పిచర్. స్టార్టర్ వంతు అయిదో రోజుకొకసారి వస్తుంది. ఈ మాట విన్నప్పుడు, మిగిలిన నాలుగు రోజులూ ఖాళీయే కాబోలు అనుకున్నాను. చూడగా ఉద్యోగమంతా ఆ నాలుగు రోజుల్లోనే ఉంది. వేసిన మర్నాడు భుజం పైకి లేవదు. ఎడమ చేత్తో పళ్లు తోముకునేవాడు. ఆ రోజు పరుగు, రబ్బరు పట్టీలతో కసరత్తు. తరువాతి రోజు దూరం నుంచి బంతి విసరడం, ఆ పైరోజు కోచ్ ముందు పాతిక ముప్పై బంతులు. తన వంతుకు ముందు రోజు మాత్రం మామూలు దుస్తుల్లో, జనం మధ్యలో, బ్యాటర్ వెనుక బంతి పట్టే క్యాచర్‌కు వెనుక వరుసలో కూర్చుని, వేగం కొలిచే రాడార్ తుపాకీ ఒక చేత్తో పట్టుకుని, ఆ రోజు వేస్తున్న పిచర్ వేసిన ప్రతి బంతినీ కాగితం మీద నమోదు చేయాలి: ఏ రకం బంతి, ఎంత వేగం, ఎక్కడ పడింది, బ్యాటర్ ఏం చేశాడు.

మా ఉచిత టికెట్లు ఆ దగ్గర్లోనివే కాబట్టి, ఆ రోజుల్లో నేను అతని పక్కకు వెళ్లి కూర్చునేదాన్ని. నాకు తెలిసిన బేస్‌బాల్ అంతా అక్కడే నేర్చుకున్నాను. పది అంగుళాల ఎత్తున్న మట్టిదిబ్బ మీది నుంచి బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ దాకా 60 అడుగుల 6 అంగుళాలు. మన క్రికెట్ పిచ్ కంటే కొంచెం తక్కువ. బంతి నేల తాకకూడదు కాబట్టి పిచర్‌కు పిచ్ సాయం ఏమీ ఉండదు. 108 జంట కుట్లున్న ఆ తోలు బంతిని ఏ కుట్టు మీద ఏ వేలు పెట్టి, మణికట్టును ఎంత తిప్పి వదిలాడన్నదే సర్వం. నేరుగా, బలంగా వచ్చేది ఫాస్ట్‌బాల్. చివర్లో పక్కకు జారేది స్లైడర్. అదే చేతివేగంతో వచ్చినట్టు కనిపించి, అరచేతిలో లోతుగా పట్టుకోవడం వల్ల ఎనిమిది పది మైళ్లు నెమ్మదిగా చేరేది ఛేంజప్. మావారు ఈ చివరిదాన్ని వినగానే, ఇది మన స్లో బాలే కదా అని తేల్చేశారు. అది అంత సులువు కాదని నేను ఆ వరుసలో కూర్చుని చూశాను. చేతివేగం వెంట్రుకవాసి తగ్గినా బ్యాటర్ పసిగడతాడు. పసిగట్టిన బంతి కంచె దాటుతుంది. మన దేశంవాళ్లెవరైనా ఈ ఆట ఆడతారా అని అత్తయ్యగారు అడిగితే, 2008లో ఒక టీవీ పోటీలో నెగ్గిన ఉత్తరప్రదేశ్ కుర్రవాళ్లు రింకూ సింగ్, దినేశ్ పటేల్ పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారని, వారు అంతకుముందు జావెలిన్ విసిరేవారని, ఇద్దరూ మేజర్ లీగ్ దాకా మాత్రం చేరలేదని మావారు వెతికి చెప్పారు.

ఆ కాగితం మీద అంకెలు నింపుతున్నప్పుడే ఒక సంగతి నా కంటబడింది. పొడుగబ్బాయి ఫాస్ట్‌బాల్ గంటకు 90 మైళ్లు, అంటే సుమారు 145 కిలోమీటర్లు. పది లక్షల డాలర్ల కుర్రవాడిది 97 మైళ్లు. కాని ఆ కుర్రవాడి బంతి ఎక్కడికి పోతుందో అతనికే తెలియదు. మావాడిది క్యాచర్ చేతితొడుగు పెట్టినచోటే పడేది. జూన్ మొదటికి మావాడి అంకెలే మెరుగు. అయినా ఆ నెల డ్రాఫ్టు ముగిసి కొత్తవారు రాగానే స్టార్టర్ వరుసలోంచి తీసింది మావాణ్నే. అప్పటినుంచి అతను రిలీవర్. స్టార్టర్ తడబడ్డప్పుడు, లేదా పది లక్షల కుర్రవాడికి పైవాళ్లు విధించిన బంతుల పరిమితి నిండినప్పుడు, ఆటలోని తొమ్మిది ఇన్నింగ్సుల్లో మిగిలిన నాలుగు మోయడానికి వెళ్లేవాడు. అయిదో రోజు అన్న లెక్క పోయింది. పిలుపు ఈ రాత్రి రావచ్చు, వారం దాకా రాకపోవచ్చు. రాత్రి తలుపు చప్పుడు కాగానే, ఇవాళైనా పిలిచారా అని అత్తయ్యగారు తెలుగులోనే అడిగేవారు. అతను బొటనవేలు పైకో కిందికో చూపించేవాడు.

ఒక రాత్రి, ఇది అన్యాయం కదా, నువ్వే బాగా వేస్తున్నావు కదా అని నేను అడిగేశాను. అతను అన్నం తింటూ చాలా నెమ్మదిగా వివరించాడు. జట్టులో పాతికమంది ఉంటే, మేజర్ లీగుకు చేరతారని క్లబ్బు డబ్బు పెట్టింది నలుగురైదుగురి మీద. ఆ నలుగురూ రోజూ ఆడి నేర్చుకోవాలంటే ఆట జరగాలి. ఆట జరగాలంటే తొమ్మిది ఇన్నింగ్సులూ ఎవరో ఒకరు వేయాలి. "ఆ ఎవరో ఒకరిని నేను," అన్నాడు. ఎవరు చెప్పారు నీకు అన్నాను. ఎవరూ చెప్పరని, చెప్పనక్కరలేదని, 27వ రౌండు అన్నప్పుడే తెలుసునని అన్నాడు. తెలిసీ ఎందుకు అన్న నా తరువాతి ప్రశ్నకు జవాబు రాలేదు; ఉతికే యంత్రం ఆగిందేమో చూడమన్నాడు, తెల్లవారుజామున బస్సుంది. ఆ రాత్రి నాకు అతని క్లబ్బు మీద వచ్చిన కోపం చాలాకాలం పోలేదు. కాని ఆ మర్నాటి నుంచి కూడా అతను రబ్బరు పట్టీల కసరత్తు ఒక్క రోజు మానలేదు; మా పెరట్లో మేపుల్ చెట్టుకు కట్టిన ఆ పట్టీ, లెక్క ప్రకారం ఎన్నిసార్లు లాగాలో అన్నిసార్లూ లాగేవాడు. తాను అదనపు మనిషినని తెలిసిన మనిషి అంత శ్రద్ధగా పనిచేయడం నేను మరెక్కడా చూడలేదు. మా ఆస్పత్రిలో అసలే చూడలేదు.

2018లో మళ్లీ మా ఊరికే వచ్చాడు. పై మెట్టుకు పంపలేదన్న మాట అది; అయినా మా పై గదికి తిరిగి రావడం అతనికి సంతోషమేనన్నాడు. ఆ ఏడాది డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన పందొమ్మిదేళ్ల క్యాచర్ కూడా కొన్ని వారాలు మాతో ఉన్నాడు. పదహారేళ్లకే సంతకం చేసినవాడు, ఇంగ్లీషు రాదు, అత్తయ్యగారికి స్పానిష్ రాదు, ఇద్దరికీ మాత్రం బాగా కుదిరింది. జూన్ చివరలో ఒక రాత్రి ఏడో ఇన్నింగ్సులో పొడుగబ్బాయి ఒక స్లైడర్ వేసి, బంతి ఎక్కడ పడిందో చూడకుండా తన మోచేతివైపు చూసుకున్నాడు. చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కాయి. ఎవరూ ఏమీ చెప్పకముందే అతనికి తెలిసిపోయిందని, దిబ్బ దిగి వస్తున్న నడకలోనే నాకు అర్థమైంది.

మోచేతి లోపలి పక్క ఎముకలను పట్టి ఉంచే అల్నార్ కొలాటరల్ లిగమెంట్ తెగింది. 1974లో ఫ్రాంక్ జోబ్ అనే శస్త్రవైద్యుడు టామీ జాన్ అనే పిచర్‌కు మొదటిసారి చేసిన ఆపరేషన్, ఇప్పుడు ఆ పిచర్ పేరుతోనే పిలుస్తారు, అదే ఇతనికీ చేశారు. ఖర్చు క్లబ్బే భరించింది. మణికట్టు దగ్గర పాల్మారిస్ లాంగస్ అనే సన్నని స్నాయువు ఉంటుంది. అది లేకపోయినా చేతికి లోటు రాదు కాబట్టి దాన్ని తీసి మోచేతిలో కుడతారు. కొందరికి పుట్టుకతోనే అది ఉండదు. ఆపరేషన్‌కు వెళ్లేముందు రాత్రి, బొటనవేలూ చిటికెన వేలూ కలిపి మణికట్టు వంచితే ఆ తీగ పైకి తేలుతుందని అతను చూపించగా, భోజనాల బల్ల దగ్గర అందరం చేతులు చాచి చూసుకున్నాం. అత్తయ్యగారికి ఎడమ చేతికి లేదు. "అయితే నేను పిచర్‌గా పనికిరానా?" అని ఆవిడ అడిగారు. ఆ రాత్రి నవ్వింది అప్పుడొక్కసారే.

ఆ తరువాతి పదమూడు నెలల గురించి నాకు తెలిసింది ఫోన్లలోనే. క్లబ్బు శిక్షణ శిబిరంలో, ఆటల్లేని మైదానాల్లో గడిపాడు. అయిదో నెలలో మొదటిసారి బంతి విసిరాడు, అదీ 45 అడుగుల దూరానికి, చిన్నపిల్లలు విసిరినట్టు. 2019 ఆగస్టులో రూకీ లీగులో తనకంటే అయిదారేళ్లు చిన్నవాళ్లకు ఎదురుగా ఒక ఇన్నింగ్సు వేసి, 88 అన్నాడు ఫోన్లో. వేగం అడగకూడదని అప్పటికి నేర్చుకున్నాను; అతనే చెప్పాడు.

2020 మార్చిలో శిక్షణకు వెళ్లిన రెండు వారాలకే కరోనా వల్ల శిబిరాలు మూసేశారు. అందరినీ ఇళ్లకు పంపి, వారానికి 400 డాలర్లు ఇచ్చారు. విచిత్రంగా, ఆడిన రోజుల కంటే ఇది ఎక్కువ. మే నెలాఖరులో అనేక క్లబ్బులు కలిపి వందల మంది మైనర్ లీగ్ ఆటగాళ్లను వదిలించుకున్నాయి. మామూలుగా మేనేజర్ గదిలోకి పిలిచి చెప్పే మాట అతనికి ఫోన్లో వచ్చింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదట. చెప్పినాయన మర్యాదస్థుడేనని, కృతజ్ఞతలు చెప్పాడని అన్నాడు. జూన్ 30న ఆ సంవత్సరం మైనర్ లీగుల సీజన్ మొత్తం రద్దయింది; తరువాతి ఏడాదికి 160 జట్లు 120కి తగ్గాయి. అతను 2021 వేసవిలో ఏ క్లబ్బుకూ చెందని స్వతంత్ర లీగులో పద్నాలుగు ఆటలు ఆడి, ఇరవై ఏడేళ్ల వయసులో మానేశాడు. ఇప్పుడు తన ఊరి హైస్కూల్లో గణితం చెబుతూ పిచర్లకు శిక్షణ ఇస్తున్నాడు.

మేము 2022 నుంచి ఎవరికీ గది ఇవ్వలేదు, ఇవ్వవలసిన అవసరమూ రాలేదు. ఆ ఏడాది నుంచి ఆటగాళ్లకు వసతి క్లబ్బులే చూడాలన్న నియమం వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో మైనర్ లీగ్ ఆటగాళ్లు మేజర్ లీగ్ ఆటగాళ్ల సంఘంలో చేరారు. 2023 వసంతంలో కుదిరిన ఒప్పందంతో, 2021లో హై ఏగా మారిన మా ఊరి మెట్టు మీది ఆటగాడి జీతం ఏడాదికి 27,300 డాలర్లయింది. ఆ మధ్య మా పోస్టు పెట్టెలో పొడుగబ్బాయి పేరిట ఒక మందపాటి కవరు వచ్చింది. పాత జీతాల మీద 2014లో ఆటగాళ్లు వేసిన వ్యాజ్యం 185 మిలియన్ డాలర్లకు రాజీ అయిందని, అతనికీ అందులో వాటా ఉందని నోటీసు. ఎక్కడెక్కడో తిరిగిన అతనికి, ఆ కాగితాల్లో మిగిలిన చిరునామా మా ఇల్లే. ఫోన్ చేస్తే తరగతి మధ్యలో ఉన్నాడు. విప్పి చదవమన్నాడు, చదివాను. కొంతసేపు ఆగి, ఆ కవరుతోపాటు నానమ్మ ఊరినుంచి పంపిన ఆవకాయ ఏమైనా మిగిలి ఉంటే అదీ పంపమన్నాడు. సీసా పగలకుండా అతను వదిలివెళ్లిన పాత చొక్కాలో చుట్టి, కవరు పైన పెట్టి పంపాను.